శిలాంతర్లిపి : సంగారెడ్డి సీమ గ్రానైటులందలి పర్వతోద్భవ చరిత్ర

శాసనపరిశోధకులు రాతిని వెదకుట రాతిపై నున్న వ్రాతకొఱకు. అక్షరములు లేని బండను చూచినప్పుడు వారు మఱలి వచ్చుదురు. ఇది వారి తప్పు గాదు. వారి శాస్త్రము అట్టిది. కాని ఉలి తగులుటకు పూర్వము సయితము ఆ రాతికి ఒక చరిత్ర గలదు. ఆ చరిత్రయు వ్రాయబడియే యున్నది. దానిని వ్రాసినది మనుష్యుడు గాడు. దాని లిపి ఒట్టికంటికి గోచరించునదియు గాదు. ఆ లిపిని చదువు పద్ధతి యెట్లేర్పడినదో, ఆ పద్ధతిచే సంగారెడ్డి పటాన్‌చెరువు ప్రాంతముల రాళ్ళు ఏమి చెప్పుచున్నవో, ఏమి చెప్పజాలకున్నవో ఈ వ్యాసమున వివరింప యత్నించెదను.

ఈ సీమ చరిత్రజ్ఞులకు క్రొత్తది గాదు. కొండాపురమున 1940-42 ప్రాంతమున నైజాము పురావస్తుశాఖవారు జరిపిన త్రవ్వకములలో శాతవాహనకాలపు నాణెములు, ఇటుకకట్టడములు, మట్టిబొమ్మలు వెలువడినవి. కల్యాణి చాళుక్యుడగు రెండవ జయసింహుని కాలమున, అనగా క్రీ. శ. 11వ శతాబ్ది పూర్వార్ధమున, రాజధానీగౌరవము నొందిన పొట్టలకెరె నేటి పటాన్‌చెరువే యని పెక్కురు పండితుల యభిప్రాయము. అచ్చట లభించిన జైనవిగ్రహములు ఆ కాలపు వైభవమునకు సాక్ష్యములు. 1935లో లక్ష్మణరాయ పరిశోధకమండలివారు తెలంగాణా శాసనములను ప్రకటించిననాటినుండి ఈ దేశపు రాతివ్రాతల యెడ మనవారికి శ్రద్ధ హెచ్చినది. అయినను ఈ చరిత్ర యంతయు కలిపి రెండువేల యేండ్లకు మిక్కిలిగా మించదు. ఈ సీమలోని గ్రానైటు బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. మన శాసనములు వ్రాయబడిన కాగితము, శాసనములకంటె పదిలక్షల రెట్లకు మించి ప్రాచీనమైనదన్నమాట.

సీమ స్వరూపము

హైదరాబాదునుండి పడమరగా ఏగు బాటసారికి మొదట కనుపించునవి గుండ్లు. ఒకదానిపై నొకటి ఎవరో ఎత్తి నిలిపినట్లు అవి నిలిచియుండును. వీనిని వఱదలు దొర్లించి తెచ్చినవని కొందఱు తలంతురు. అది నిజము గాదు. గ్రానైటు చల్లాఱునప్పుడును, పైబరువు తొలగినప్పుడును నిలువుగా నడ్డముగా పగుళ్ళు వాఱును. ఆ పగుళ్ళవెంట నీరు దిగి రాతిని మొరముగా మార్చును. మూలలు ముందుగా కరగి, నడిమి గట్టిభాగము గుండ్రముగా మిగులును. తరువాత మొరము కొట్టుకొనిపోగా గుండ్లు నిలిచిన చోటనే బయల్పడును. అవి పుట్టిన తావున నున్నవే గాని వచ్చి చేరినవి గావు.

గుండ్ల నడుమ నున్న నేల ఎఱ్ఱని చెల్క. సదాశివపేట దాటి జహీరాబాదు వైపు పోగా గుండ్లు మాయమగును. నల్లరేగడి, బల్లపరుపు గుట్టలు, ఇటుకవన్నె లాటరైటు రాయి కనుపించును. గ్రానైటుదేశము ముగిసి దక్కను లావాదేశము మొదలగుచున్నదని దీని యర్థము. బాలాఘాటు కొండలలో బుట్టిన మంజీర లావాదేశమును దాటి వచ్చి, సంగారెడ్డి సమీపమున ఉత్తరమునకు మఱలి, కందకుర్తి యొద్ద గోదావరిని జేరుచున్నది. పటాన్‌చెరువున 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పరిశోధనాక్షేత్రమున ఎఱ్ఱనేలలును నల్లనేలలును ఒకే యావరణలో నున్నవి. రెండు భిన్నమైన భూచరిత్రలు అచ్చట గట్టుకొక ప్రక్కగా నిలిచినవి.

చదువు నేర్చిన క్రమము

గ్రానైటు ఎట్లు పుట్టినదను ప్రశ్నమే చాలకాలము వివాదగ్రస్తమై యుండెను. 18వ శతాబ్ది చివర జర్మనుదేశీయుడగు వెర్నరును ఆయన శిష్యులును గ్రానైటు ఆదిసముద్రజలమునుండి పేరుకొన్నదని బోధించిరి. స్కాట్లండువాడగు జేమ్స్ హట్టను 1785లో గ్లెన్ టిల్టు అను లోయయందు గ్రానైటు తీగలు ఇతరశిలలలోనికి చొచ్చుకొని పోవుట చూచెను. చొచ్చునది చొరబడిన దానికంటె వెనుకటిది కాజాలదు. చొరబడుటకు అది ద్రవమై యుండవలెను. ఈ రెండు వాక్యముల తర్కముతో గ్రానైటు కరగిన పదార్థమనియు, ఆదిశిల గాదనియు ఆయన నిశ్చయించెను. అయినను వివాదము సమసిపోలేదు. 1940 దశకమున సయితము గ్రానైటు శిలాద్రవమునుండి పుట్టినదా, లేక పాతశిలలు ఘనస్థితిలోనే మార్పుచెంది గ్రానైటైనవా యని విద్వాంసులు తీవ్రముగా వాదించుకొనిరి. టట్టిలు, బోవెను అనువారు నీటి సమక్షమున అధికపీడనమున చేసి 1958లో ప్రకటించిన ప్రయోగములు, గ్రానైటువంటి ద్రవము భూగర్భమున సహజముగా పుట్టగలదని నిరూపించినపిమ్మట శిలాద్రవవాదమే బలపడినది.

ఈలోపల వేఱొక మార్గము తెఱచుకొనెను. ఎడింబరోవాసి విలియం నికల్ 1828 ప్రాంతమున కాల్సైటు స్ఫటికమునుండి ఒక పట్టకమును నిర్మించి, కాంతిని ఒకే తలమున కంపించునట్లు చేయగలిగెను. షెఫీల్డువాసి హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1849 మొదలుకొని రాతిని కాంతి చొచ్చునంత పలుచగా నూఱి సూక్ష్మదర్శినిక్రింద నుంచి చూడసాగెను. పర్వతములను సూక్ష్మదర్శినితో చూచుట తగదని కొందఱు పరిహసించిరట. ఆ పరిహాసము నిలువలేదు. సార్బీ 1853లో పలకరాయిని పరీక్షించి, దాని చీలిక బురద పేరుకొన్న పొరలవలన గలిగినది గాదనియు, శిల యొక దిక్కున ఒత్తబడి చదునగుటవలన గలిగినదనియు చూపెను. మన బడిపిల్లలు తరతరములుగా అక్షరములు దిద్దిన మార్కాపురపు పలకలు నల్లమల ప్రాంతపు ముడుతలుపడిన శిలలనుండి వచ్చినవే. ఓనమాలు వ్రాయబడిన ఆ పలకయే ఒక ప్రాచీనపీడనమునకు లేఖనమని ఏ ఉపాధ్యాయుడు తలంచియుండును?

నేటి పద్ధతి సార్బీ పద్ధతికి కొనసాగింపే. రాతిముక్కను కోసి, గాజుపలకకు అంటించి, మందము 0.03 మిల్లీమీటరు వచ్చువఱకు నూఱుదురు. అప్పుడు నల్లనిరాయి సయితము అద్దమువలె కాంతిని చొరనిచ్చును. రెండు ధ్రువకముల నడుమ నుంచి త్రిప్పి చూడగా ఒక్కొక్క ఖనిజము తన తన వన్నెతో వెలిగి ఆఱిపోవుచుండును. ఆ వెలుగుచీకట్లే మన యక్షరములు.

లిపియొక్క వ్యాకరణము

ఈ లిపిలో ముఖ్యముగా మూడు కాలములు గలవు : ద్రవకాలము, సంధికాలము, ఘనకాలము. వీనిని వేఱుపఱచుటయే ఈ విద్యకు ప్రాణము. రాతిలో వికారము కనుపించినంతమాత్రమున అది కరగియున్నప్పుడు కలిగినదో, గట్టిపడిన తరువాత కలిగినదో తెలియదు. వేఱుపఱుపక చదివినవాడు శాసనమందలి మూలమును, తరువాతివాడు చెక్కిన చేర్పును ఒక్కటిగా చదివినవాడగును.

ద్రవకాలపు గుఱుతులు ఇవి. శిలాద్రవమున మొదట బుట్టిన స్ఫటికమునకు చోటు కొఱత లేదు. అది తన సహజమైన ముఖములతో పెరుగును. చివర బుట్టినది మిగిలిన సందులలో ఇముడవలెను. దానికి స్వరూపము లేదు. కావున ఏది యెవరి సందున ఇమిడినదో చూచి పుట్టుకల వరుస చెప్పవచ్చును. గ్రానైటులో పలుగురాయి తఱచుగా సందులను నింపునదియే. హైదరాబాదు పరిసరపు గ్రానైటులలో పలుచోట్ల బొటనవ్రేలంత ఫెల్‌స్పార్ స్ఫటికములు కనుపించును. ఇట్టి పెద్ద స్ఫటికములు ఒకే దిక్కునకు వరుసగా నిలిచియుండి, వాని నడుమ నున్న పలుగురాయి మాత్రము నలుగక యున్నచో, అవి ద్రవము ప్రవహించునప్పుడు ఏటిలో కొట్టుకొనిపోవు దుంగలవలె దిక్కు సవరించుకొన్నవని తలంపవలెను. ఈ గ్రానైటులలోనే నల్లని గుండ్రని ముద్దలు, కొన్ని పిడికెడంతవి, కొన్ని బండియంతవి, అక్కడక్కడ కలవు. వాని అంచులు అలలుగా నుండి, తెల్లరాతిలోని ఫెల్‌స్పార్ స్ఫటికము నల్లముద్దలోనికి చొచ్చియుండుట కనబడినచో, ఆ రెండును ఒకేకాలమున ద్రవములుగా కలసినవని తెలియును. చల్లబడిన పాతరాయి విఱిగి పడినదైనచో దాని యంచులు పదునుగా నుండును.

సంధికాలపు గుఱుతు మిక్కిలి సూక్ష్మమైనది. ద్రవము ముప్పాతికకు మించి గట్టిపడి, కొంచెము మాత్రమే మిగిలియున్నప్పుడు ఒత్తిడి కలిగినచో, ఫెల్‌స్పార్ స్ఫటికము పగులును. మిగిలిన ద్రవము ఆ పగులులోనికి దిగి అచ్చటనే గట్టిపడును. పగులు ప్రక్కస్ఫటికములోనికి పోక, ఆ పగులులో పలుగురాయియు ఫెల్‌స్పారును ఇతరత్ర పెరిగినట్లే పెరిగియున్నచో, ఒత్తిడి కలుగునాటికి శిలాద్రవము ఇంకను మిగిలియుండెనని సాక్ష్యము దొరకినట్లే. పర్వతోద్భవమును శిలాద్రవోద్భవమును సమకాలికములని చెప్పుటకు ఇంతకంటె బలమైన ప్రమాణము సూక్ష్మదర్శినిక్రింద అరుదు.

ఘనకాలపు గుఱుతులు మఱి వేఱు. పలుగురాయి సుమారు 300 డిగ్రీల వేడియొద్దనే మెత్తబడి వంగసాగును. ఫెల్‌స్పారునకు 450 మొదలు 500 డిగ్రీలు కావలెను. కావున వంగిన పలుగు నడుమ పగిలిన ఫెల్‌స్పారున్నచో వికారము కలిగిన వేడి ఈ రెండింటి నడుమ నుండెనని చెప్పవచ్చును. వంగిన పలుగురేణువును త్రిప్పి చూడగా అది యొక్కసారిగా ఆఱిపోక, నీడ పాఱునట్లు మెల్లగా ఆఱును. వికారము హెచ్చగా అది చిన్నచిన్న గడులుగా విడిపోయి క్రొత్తరేణువులుగా మాఱును. చదరంగపు పలకవలె నలుచదరపు గడులు కనుపించినచో, వేడి సుమారు 650 డిగ్రీలకు పైగా నుండెనని, అనగా శిల అప్పుడే గట్టిపడి ఇంకను మిక్కిలి వేడిగా నుండెనని తెలియును. అభ్రకపు రేకులు మడతలు పడును. ఫెల్‌స్పారులోని జంటచారలు విల్లువలె వంగును.

వికారము పరాకాష్ఠ నొందినప్పుడు ఏర్పడు సన్నని పట్టీల శిలకు 1885లో చార్లెస్ లాప్‌వర్తు అను నాతడు స్కాట్లండు శిలలను చూచి మైలొనైటు అని పేరిడెను. గ్రీకుభాషలో తిరగలికి గల పేరునుండి ఆ మాట పుట్టినది. రాయి తిరగలిలో పడి పిండియైనదని ఆయన భావించెను. తరువాతి పరిశోధనలో ఆ రేణువులు విసరబడి పిండియైనవి గావనియు, వేడిలో మెత్తబడి సాగి, క్రొత్తగా స్ఫటికీకరించి చిన్నవైనవనియు తేలినది. అర్థము తప్పైనను పేరు నిలిచినది. పదములకు వ్యుత్పత్తి యొకటి, వ్యవహారము వేఱొకటి యగుట పండితులకు క్రొత్తగాదు గదా.

ఈ లిపికి ఒక పెద్ద లోపము గలదు. తరువాత మఱల వేడి తగిలినచో పలుగురాయి తిరిగి స్ఫటికీకరించి పూర్వపు వంపులను తుడిచివేయును. తాటాకుపై పాతవ్రాత గీకివేసి క్రొత్తవ్రాత వ్రాసినట్లగును. కావున వికారము కనుపింపకుండుట వికారము లేకుండుటకు ప్రమాణము గాదు. అట్లే నీడపాఱు పలుగురేణువొకటి కనుపించినంతనే పర్వతోద్భవము జరిగినదనుటయు సాహసము. స్వల్పమైన ఒత్తిడికే అది కలుగగలదు. గుట్టపై కొలిచిన దిక్కులు, శిలల పరస్పరసంబంధము, కాలనిర్ణయము ఇవి తోడుపడినపుడే ఛేదము చెప్పినమాట నిలుచును.

సంగారెడ్డి సీమ యేమి చెప్పుచున్నది

ఈ వ్యాకరణముతో మనబండలను చూతము. ఈ ప్రాంతపు శిలలు తూర్పు ధార్వాడ భూఖండమునకు జేరినవి. ధార్వాడ అను పేరును శిలలకు 1880 దశకమున వాడుకలోనికి తెచ్చినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఈయనయే 1863లో మదరాసు సమీపమున పల్లావరమున ప్రాచీనశిలాయుగపు గొడ్డలిని గుర్తించి భారతదేశపు ఆదిమానవచరిత్రకు నాంది పలికెను. మానవుడు చెక్కిన రాతిని, భూమి చెక్కిన రాతిని ఒకే కన్నులతో చూచిన మహనీయుడు.

ఇచ్చటి శిలలలో చారలుగల బూడిదవన్నె నైసు పాతది. దానిని చొచ్చుకొని బూడిదవన్నె గ్రానైటులు, గులాబివన్నె గ్రానైటులు వెలసినవి. ఆ రెండువన్నెల గ్రానైటుల సంబంధమును 1960 దశకమునుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్వాంసులు పరిశోధించియున్నారు. గ్రానైటులో చిక్కుకొన్న నైసుముక్కను చూచినచో, ముక్కలోని చారలు దాని యంచువఱకు వచ్చి తెగిపోవును. చుట్టునున్న గ్రానైటులోనికి సాగవు. దీనివలన చారలను కలిగించిన ఒత్తిడి గ్రానైటు రాకకు పూర్వమే జరిగినదని తేలుచున్నది. గ్రానైటులో నధికభాగము చారలు లేక ముద్దగా నున్నది. బలమైన వికారము సన్నని పట్టీలకు పరిమితము. అనగా మహాపీడనము తగ్గుముఖము పట్టిన కాలమున ఈ గ్రానైటులు వెలువడినవి. ఇవి పర్వతోద్భవమను నాటకమునకు చివరియంకపు పాత్రలు.

కాలనిర్ణయమునకు జిర్కాన్ అను ఖనిజము తోడ్పడుచున్నది. ఇసుకరేణువుకంటె చిన్నదైన ఈ స్ఫటికమున యురేనియము చిక్కుకొని, క్రమముగా సీసముగా మాఱుచుండును. 1911లో ఆర్థర్ హోమ్స్ అను ఆంగ్లేయయువకుడు యురేనియము, సీసముల నిష్పత్తినిబట్టి శిలల వయస్సు గణించు మార్గమును చూపెను. నేడు ఒక్క జిర్కాన్‌లోనే నడిమి గుజ్జుకొక వయస్సు, పైపొరకొక వయస్సు కొలువవచ్చును. పాతశిల కరగి క్రొత్తశిలయైన వైనము అందు తెలియును. తూర్పు ధార్వాడ గ్రానైటులు పెక్కు 256 మొదలు 250 కోట్ల సంవత్సరముల నడుమ పుట్టినవని ఈ విధముగా తేలినది. కన్నడదేశమున క్లోజ్‌పేట గ్రానైటను పేర సుమారు 400 కిలోమీటర్ల పొడవున సాగు మహాశిలాపంక్తియు ఈ కాలమునకే చెందును. కొద్దికోట్ల యేండ్లలోనే దక్షిణాపథపు నేలలో పెద్దభాగము కరగి గట్టిపడినదన్నమాట.

పర్వతములుండెనా?

ఇచ్చట న్యాయమైన సందేహ మొకటి పుట్టును. ఆ కాలమున సంగారెడ్డి సీమలో హిమాలయములవంటి కొండ లుండెనా? ఈ విషయమున విద్వాంసులు ఏకాభిప్రాయులు గారు. ఒకపక్షము, సముద్రపు నేల ఖండముక్రిందికి దిగుటవలన శిలాద్రవము పుట్టి, చిన్నఖండములు ఒకదానికొకటి అదుముకొని ధార్వాడ భూఖండ మేర్పడినదనును. రెండవపక్షము, భూగర్భమునుండి లేచిన వేడియే ప్రధానకారణమనియు, బరువైన లావాశిలలు మెత్తని నేలలోనికి క్రుంగగా తేలికయైన గ్రానైటులు గుమ్మటములుగా పైకి లేచినవనియు చెప్పును. మఱి కొందఱు, ఆ నాటి భూపటలము మిక్కిలి వేడిగా మెత్తగా నుండుటచే అదుముబడినప్పుడు ఎత్తుగా పేరుకొనక ప్రక్కలకు ప్రవహించినదని తలంతురు. వేడి బెల్లపుపాకమును కుప్పగా నిలుపుట సాధ్యము గాదు; చల్లారిన తరువాతనే అది అచ్చుగా నిలుచును.

ఈ మూడుపక్షములకును సాక్ష్యము ఇవే బండలు. గ్రానైటుల వరుస ఎటు వాలియున్నది, పొడవు సాగినదా చదునైనదా, సంధికాలపు పగుళ్ళు ఏ దిక్కున నున్నవి, ఈ కొలతలన్నియు అసలు గుట్టపైనే తీయవలెను. గుట్ట మాయమైనచో ప్రశ్న నిలుచును, సాక్షి యుండడు.

తూర్పుకనుమలతో పోలిక

తెలుగుదేశపు వేఱొక ప్రాంతమున ఈ లిపి స్పష్టముగా చదువబడినది. తూర్పుకనుమల ముఖ్యశిలలలో నొకటి ఖొండలైటు. 1902లో వాకరు అను భూశాస్త్రజ్ఞుడు అచ్చటి ఖోందుజాతివారి పేర దానికి నామకరణము చేసెను. రెండవది చార్నొకైటు, కలకత్తాయందలి జాబ్ చార్నాకు సమాధిపై పఱచిన రాతిని బట్టి 1893లో హాలండు అను నాతడు ఆ పేరిడెను. సమాధిశాసనపు రాయి శాస్త్రమున కొక పదమును ప్రసాదించుట చిత్రము గదా!

ఖొండలైటు ఒకప్పటి సముద్రపుబురద. అది లోతునకు పోయి, ఒత్తిడికి లోనై, గోమేదికము, సిల్లిమనైటు, పలుగురాయి, ఫెల్‌స్పారుగా మాఱినది. ఛేదములో సిల్లిమనైటు సూదులు గోమేదికపు గుండ్రని స్ఫటికమును చుట్టుకొని పోవుచుండును. కొన్ని సూదులు గోమేదికము లోపలనే చిక్కియుండును. లోపల చిక్కినవి గోమేదికము పెరుగకమునుపటివి. చుట్టుకొన్నవి తరువాతి ఒత్తిడికి సాక్షులు. పాడేరు, అనంతగిరి ప్రాంతములలో సఫిరిన్ అను అరుదైన ఖనిజము పలుగురాయితో కలసి కనుపించినది. అది 900 డిగ్రీలకు మించిన వేడిని సూచించును. ఉత్తరభాగపు తూర్పుకనుమలలో ఈ మహోష్ణము సుమారు 95 మొదలు 100 కోట్ల సంవత్సరములనాటిది. అంటార్కిటికాఖండమున దీనికి సరిజోడైన శిలలు దొరకుటచే, ఆ కాలమున ఆ రెండునేలలు కలసియుండెనని విద్వాంసులు నిర్ణయించిరి. అరకులోయ రాయికి అంటార్కిటికా రాతితో చుట్టఱికము సూక్ష్మదర్శినివలననే తెలియవచ్చినది.

చల్లాఱిన తరువాత

సంగారెడ్డి సీమలో పర్వతోద్భవము ముగిసినదనుటకును రాతిలోనే సాక్ష్యమున్నది. గ్రానైటును సూటిగా చీల్చుకొని పోవు నల్లని గోడలవంటి శిలలు ఈ ప్రాంతమున కలవు. వీనికి డైకులని పేరు. వీని నడిమిభాగమున రేణువులు పెద్దవి. అంచులయొద్ద మిక్కిలి సన్ననివి. అంచు త్వరగా చల్లబడినదని దీని భావము. అనగా చుట్టునున్న గ్రానైటు అప్పటికే చల్లబడి గట్టిపడియుండెను. ధార్వాడ భూఖండపు పెద్ద డైకుసమూహములలో ప్రాచీనమైనది బెంగుళూరునుండి కరీంనగరము దిక్కుగా విస్తరించినది. దాని వయస్సు సుమారు 237 కోట్ల సంవత్సరములు. 250 కోట్ల యేండ్లనాడు పాకమువలె నుండిన నేల అప్పటికి సూటిగా పగులునంత గట్టిదైనదని దీనివలన ఊహింపవచ్చును.

మఱి పడమటి లావాల సంగతి? అవి సుమారు 6.6 కోట్ల సంవత్సరములనాటివి. ఛేదములో సన్నని ఫెల్‌స్పారు పుల్లలు చిందరవందరగా పడియుండును. వంపు లేదు, మడత లేదు, నీడపాఱు పలుగు లేదు. కోట్లకొలది ఘనకిలోమీటర్లు కాకున్నను, లక్షలకొలది ఘనకిలోమీటర్ల శిలాద్రవము వెలువడినను, ఇచ్చట పర్వతోద్భవపు ఒత్తిడి లేదు. శిలాద్రవ మున్నచోట నెల్ల పర్వతము పుట్టదని ఈ జిల్లాయే దృష్టాంతము చూపుచున్నది. గ్రానైటును లావాను ప్రక్కప్రక్కన నుంచి చదివినవానికి అన్వయవ్యతిరేకములు రెండును ఒకేచోట లభించును.

లేఖనములు నశించుచున్నవి

1970 దశకమునుండి పటాన్‌చెరువు పారిశ్రామికప్రాంతము శీఘ్రముగా పెరిగినది. రహదారులకు, భవనములకు కంకర కావలెను, గుట్టలు కంకరయగుచున్నవి. జనులకు ఇండ్లు, పనులు వలదని ఎవరనగలరు? రాయి కొట్టి బ్రదుకు వడ్డెరల కష్టమును తక్కువ చేసి మాటలాడుట నా యభిప్రాయము గాదు. కాని శాసనమున్న రాతిని పగులగొట్టుటకు ముందు అచ్చుకాగితమైనను తీసికొందుము గదా! అక్షరములు లేవను కారణముచే ఈ బండలకు ఆ మర్యాదయైనను లేదు. హైదరాబాదులో 1996లో శిలారక్షణకై యొక సంఘ మేర్పడి, కొన్ని గుండ్లనైనను కాపాడవలెనని పాటుపడినది. వారు అందమును జూచి కాపాడదలచిరి. చరిత్రను జూచి కాపాడవలసిన పని మనది.

ఈ చదువు కేవలము విద్యావినోదము గాదు. గ్రానైటులో నీరు నిలుచునది రేణువులలో గాదు. పైనున్న మొరములోను, క్రింది పగుళ్ళలోను. ప్రాచీనపు ఒత్తిడులును, చల్లాఱుటయు, పైబరువు తొలగుటయు కలిగించిన ఆ పగుళ్ళే నేటి బావులకు, బోర్లకు నీటిమార్గములు. పరిశ్రమల కల్మషము నక్కవాగునకును చెఱువులకును పాఱినదని రైతులు మొఱపెట్టుకొనగా, 1990లో సర్వోన్నతన్యాయస్థానమున వ్యాజ్యము దాఖలైనది. 2007లో స్వీడనుదేశపు పరిశోధకులు ఇచ్చటి కల్మషజలము శుద్ధిచేసి విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు నున్నదని ప్రకటించిరి. నేలపై విడిచిన నీరు ఏ పగులువెంట ఏ యూరి బావికి జేరునో తెలియవలెనన్నచో, ఆ పగులు ఏ కాలమున ఏ దిక్కున ఏర్పడినదో తెలియవలెను. 250 కోట్ల యేండ్లనాటి వ్రాత నేటి కుండలోని నీటికి సంబంధించినదే.

కావున పండితులకును, పాఠశాలోపాధ్యాయులకును నా విన్నపము ఇది. మీ యూరి గుట్టను క్వారీ కబళించుటకు మునుపు తెగిన ముఖమును చూచి, చారల దిక్కును, నల్లముద్దల యాకారమును, డైకుల వరుసను వ్రాసియుంచుడు. పిడికెడు రాయిని తీసి, దొరకినచోటు, తేది వ్రాసి భద్రపఱచుడు. సంగారెడ్డి సమీపమున కందియందు ఐ.ఐ.టి., హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము, 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ ఇవి దూరమున లేవు. ఛేదము తీయువారు, చదువువారు తరువాతనైనను దొరకుదురు. రాయి మాత్రము తిరిగి దొరకదు. తాళపత్రముల విషయమున మన పెద్దలు చేసినదియు ఇదియే : అర్థము తెలియకపోయినను ముందు సేకరించి దాచిరి; పరిష్కర్తలు తరువాత వచ్చిరి.